జపాన్ నుంచి వచ్చిన కవరు

ఉదయం ఏడింటికే ఆ వంటింట్లో జపాన్ మధ్యాహ్నం నడుస్తోంది.

జూడీ బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పైన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కింద పైజామా. తెర మీద ఇరవై దాకా చిన్న గళ్లు, గడికో మొహం. ఏప్రిల్లో జపాన్ యూనివర్సిటీలో చేరబోయే విదేశీ విద్యార్థులకి ఆ పూట సూచనలు చెబుతున్నారు. అంతా ఇంగ్లీషులోనే. అక్కడ జూడీ చదవబోయే ఏడాది పాఠాలు కూడా ఇంగ్లీషులోనే. జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లో తను చదువుతున్న యూనివర్సిటీ నుంచి ఆ ఎక్స్‌చేంజికి ఎంపికైనది ఇద్దరే. అందులో ఆమె ఒకతె.

ఎంపికైంది 2020 ఫిబ్రవరిలో. ఇప్పుడు 2022 మార్చి. ఈలోగా కరోనా వచ్చి జపాన్ తలుపులు మూసేసుకుంది. ప్రయాణం మూడుసార్లు వాయిదా పడింది. పోయిన అక్టోబరు నుంచి ఒక సెమిస్టర్ పాఠాలు అక్కడి టైము ప్రకారం ఈ బల్ల దగ్గరే కూర్చుని విన్నది. ఈ నెల మొదట్లో, ఇన్నాళ్లకి, విద్యార్థుల్ని రానిస్తామన్నారు.

"జూడీ-సాన్," తెరలోంచి ఒగావా అనే ఆవిడ జపాను మర్యాదతో పిలిచింది. విదేశీ విద్యార్థుల వ్యవహారాలు ఆవిడే చూస్తుంది. "మీ అర్హత పత్రం అసలు ప్రతి మీకు చేరింది కదా? అది లేనిదే కాన్సులేట్‌లో వీసా ఇవ్వరు."

"ఇంకా రాలేదండీ."

ఒగావా ఏదో కాగితం తిరగేసింది. "మార్చి మూడున మీ ఇంటికి చేర్చినట్టు మాకు కనిపిస్తోంది."

స్టవ్ దగ్గర ఉప్మా కలుపుతున్న దేవకుమారి చెయ్యి ఆగలేదు. గరిటె గిన్నె చుట్టూ మామూలుగానే తిరిగింది.

జూడీ మ్యూట్ నొక్కి ఇటు తిరిగింది. "మమ్మీ, జపాన్ నుంచి నాకేమైనా కవరొచ్చిందా?"

"లేదే," అంది దేవకుమారి, ఉప్పు సరిపోయిందా అని అడిగితే చెప్పినంత మామూలుగా.

"మూడో తారీఖునే డెలివర్ అయిందంట."

"పక్కవాళ్లకి ఇచ్చాడేమో కనుక్కో. ఉప్మా చల్లారిపోద్ది, తిను."

జూడీ మళ్లీ తెరవైపు తిరిగింది. దేవకుమారి గిన్నె దింపి, పొయ్యి ఆపి, సింకులో ఉన్న రెండు కప్పులు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

కవరు వచ్చింది. మార్చి మూడున పదకొండింటికి పోస్ట్‌మన్ బెల్లు కొడితే కిందకెళ్లి తీసుకున్నది ఆమే. కరోనా వచ్చాక వాళ్లు సంతకం పెట్టించుకోవడం లేదు. అతను మెట్టు మీదే దూరంగా నిలబడి పేరు అడిగి, మిషన్లో తనే కొట్టుకుని వెళ్లిపోయాడు. జూడీ అప్పుడు లైబ్రరీలో ఉంది. దేవకుమారి కవరు మీద పేరు చదివింది. విప్పలేదు. డ్యూటీ సంచిలో పెట్టుకుని, వృద్ధుల హోమ్‌కి వెళ్లి, బట్టలు మార్చుకునే గదిలో తన లాకర్లో పై అరలో పెట్టేసింది. అప్పటినుంచి రోజుకి రెండుసార్లు లాకరు తెరుస్తోంది. కవరు కనిపిస్తూనే ఉంది. ఆమెకి తప్పు చేశానన్న బాధ లేదు, దొరికిపోతానన్న భయం లేదు. నీలం చొక్కా తీసి వేసుకుంటుంది, తలుపు మూసేస్తుంది.

నిజానికి పద్నాలుగు నెలలుగా ఆమెకి ఏదీ ఏమీ అనిపించడం లేదు.

దేవకుమారిది పాలకొల్లు. అక్కడే మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేది. భర్త సాముయేలుకి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ ఉద్యోగం వస్తే ఆరేళ్ల జూడీని తీసుకుని వచ్చేశారు. ఆమె జర్మన్ నేర్చుకుని, మళ్లీ పరీక్షలు రాసి, ఈ హోమ్‌లో చేరింది. సాముయేలు ఒకసారి ఆఫీసు పని మీద మూడు వారాలు టోక్యో వెళ్లొచ్చి, ఆర్నెల్లు ఆ కబుర్లే చెప్పాడు. ఆ ఊళ్లో రైలు ఒక్క నిమిషం ఆలస్యమైతే క్షమాపణ చెప్తారని, ఇక్కడి ట్రాము ఆలస్యమైనప్పుడల్లా జర్మన్లకి వినపడేట్టు అనేవాడు. శనివారాలు కూతుర్ని ఊళ్లో జపాను వాళ్ల దుకాణాలున్న వీధికి తీసుకెళ్లేవాడు. ఇద్దరూ చెరో బన్ను కొనుక్కుని తింటూ వచ్చేవారు. ఎంపికైనట్టు ఉత్తరం వచ్చిన రోజున జూడీ కన్నా ఆయనే ఎక్కువ గెంతాడు.

2021 జనవరిలో ఆయనకి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి ఊపిరి అందక అంబులెన్స్‌ని పిలిచారు. ఆయన తన కాళ్ల మీదే మెట్లు దిగాడు. చేతిలో ఫోను చార్జరు పట్టుకుని, "చేరాక ఫోన్ చేస్తా" అన్నాడు. ఎవరినీ లోపలికి రానివ్వని ఆసుపత్రిలో పదకొండు రోజులుండి పోయాడు. ఎంతోమందిని సాగనంపిన నర్సు, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మొగుణ్ని ఎవరో పట్టుకున్న ట్యాబ్లెట్‌లో చూసింది. సమాధి దగ్గరకి పది మందినే రానిచ్చారు. ఇండియాలో చుట్టాలు నూట నలభై మంది జూమ్‌లో చూశారు. అందరూ ఏడ్చారు. దేవకుమారి ఏడవలేదు. తొమ్మిదో రోజున డ్యూటీకి వెళ్లింది.

జూడీ ఊరుకునే పిల్ల కాదు. పక్క ఫ్లాట్లు, పై ఫ్లాట్లు, కింద రొట్టెల కొట్టు, అందరినీ అడిగింది. మూడో రోజు పోస్టాఫీసుకి వెళ్లింది. కౌంటర్లో ఉన్నాయన నంబరు కొట్టి, తెర ఆమెవైపు తిప్పాడు. అందుకున్నవారు అన్న చోట వాళ్లమ్మ పేరు ఉంది.

ఆ మధ్యాహ్నం నాలుగింటికి జూడీ హోమ్‌కి వచ్చింది. లోపలికి ఎవరొచ్చినా ముందు గేటు పక్కన డేరాలో కరోనా పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష చేసే ఈవాకి జూడీ చిన్నప్పటినుంచీ తెలుసు. ముక్కులో పుల్ల పెట్టి తీసి, "పదిహేను నిమిషాలు కూర్చో తల్లీ," అంది జర్మన్‌లో. జూడీ కూర్చుంది. కోపాన్ని ఒళ్లో పెట్టుకుని పదిహేను నిమిషాలు కూర్చోవడం అంత తేలిక కాదు. ఈవా ఆ మొహం చూసి లోపలికి ఫోన్ చేసింది.

దేవకుమారి బయటికి వచ్చేసరికి ఈవా, "ఏమీ లేదు, నెగటివే," అని చెప్పి తనే పక్కకి వెళ్లిపోయింది.

"నువ్వే తీసుకున్నావ్," అంది జూడీ.

దేవకుమారి మాస్కు సర్దుకుంది.

"సాగ్ వాస్, మమ్మీ! ఏదో ఒకటి చెప్పు. పొరపాటున తీసుకున్నా, మర్చిపోయా అను. నమ్ముతా."

"మర్చిపోలేదు."

"మరి? మూడు రోజుల్నుంచి ఇంటింటికీ తిరుగుతున్నా. రాత్రి అన్నం పెట్టావ్. పొద్దున జడ వేశావ్. ఒక్క మాట చెప్పలేదు! క్లాసులు ఏప్రిల్ ఎనిమిదిన మొదలు. వీసాకి వారం పడుద్ది. నీకు తెలుసా అసలు?"

"తెలుసు."

"రెండేళ్లు మమ్మీ. రెండేళ్లు ఈ కాయితం కోసం కూర్చున్నా." జూడీ గొంతు పెరిగింది. లోపల కిటికీ దగ్గర కూర్చున్న ముసలావిడ తల తిప్పి చూసింది. "నీకేమైనా అనిపిస్తదా? డాడీ పోయినప్పుడూ అంతే. నువ్వు ఏడవలేదు. తొమ్మిదో రోజు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వెళ్లిపోయావ్. నేనొక్కదాన్నే ఇంట్లో... నాకు అమ్మా నాన్నా ఇద్దరూ పోయారనుకున్నా ఆరోజు."

ఆ మాట అన్నాక జూడీయే భయపడింది. దేవకుమారి అలాగే నిలబడి ఉంది. మాస్కు పైన కళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. "ఉండు," అని లోపలికెళ్లి, లాకరు తెరిచి, కవరు తెచ్చి ఇచ్చింది.

"ఇదిగో."

జూడీ కవరు లాక్కుని వెళ్లిపోయింది. దేవకుమారి చేతులు కడుక్కుని, రెండో అంతస్తులో టీలు ఇచ్చే వేళ అయిందని లిఫ్ట్ ఎక్కింది. ఆరు గదుల్లో టీ ఇచ్చింది. ఏడో గదిలో తను అందిస్తున్నది ఖాళీ కప్పని పెద్దాయన చెబితే చూసుకుంది.

ఆ తర్వాత ఇంట్లో గొడవ జరుగుతుందనుకుంది. జరగలేదు. అదే ఆమెకి వింతగా తోచింది. జూడీ అడిగితే జవాబు చెబుతోంది, పెడితే తింటోంది. కవరు మాత్రం చెప్పుల స్టాండు మీద పడి ఉంది. శుక్రవారం పోయింది, శనివారం పోయింది. ఆదివారం పొద్దునకీ కవరు అంచు చింపలేదు.

దేవకుమారి కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. జూడీ చాయ్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది.

"కాన్సులేట్‌లో టెర్మిన్ దొరికిందా? ఏ రోజుకి రమ్మన్నారు?"

"తీసుకోలేదు."

"ఎందుకని?"

జూడీ భుజాలెగరేసింది. "వెళ్లాలని లేదు."

"నా మీద కోపంతోనా?"

"కోపం కూడా లేదు మమ్మీ. ఆరోజు అరిచేటప్పుడు ఉంది. ట్రాము ఎక్కాక వెతుక్కుంటే లేదు." చాయ్ మీద మీగడ చెంచాతో పక్కకి తీసింది. "నిజం చెప్పనా? ఆ కవరు రాలేదన్నప్పుడు ఎక్కడో హాయిగా అనిపించింది. వచ్చాక, చేతిలో పట్టుకున్నాక, ఏమీ అనిపించట్లా. వెళ్లినా ఒకటే, ఉన్నా ఒకటే."

ఆ మాట దేవకుమారికి కొత్త కాదు. పద్నాలుగు నెలలుగా తన లోపల అదే మాట నడుస్తోంది. కాకపోతే అది తన ఒక్కదానిదే అనుకుంది. ఇరవై రెండేళ్లు నిండని పిల్ల నోట, తన గొంతుతోనే, తన నిదానంతోనే ఆ మాట వింది. చాలా కాలం తర్వాత ఆమెకి భయం వేసింది. నిజమైన భయం.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆ కవరు ఎందుకు దాచావని అడిగావు కదా. చెప్తా. నీకు అర్థమైతే సరే, కాకపోయినా సరే."

జూడీ తలెత్తింది.

"నిన్ను ఆపాలని దాచలేదే. అసలు ఏమీ అనుకోలేదు. చెయ్యి తీసుకుంది, సంచిలో పెట్టింది. నేనే పెట్టానని లాకరు మూసేటప్పుడు తెలిసింది. ఆరోజు మీ డాడీ మెట్లు దిగుతుంటే నేను పైనించి చూశాను. ఒక్క మెట్టు కూడా వెంట దిగలేదు. ఏం, సాయంత్రానికి వచ్చేస్తాడు కదా అని. ఇంక ఈ ఇంట్లోంచి ఇంకో మనిషి పెట్టె పట్టుకుని మెట్లు దిగుతుంటే చూడలేను అనిపించి ఉంటది. అనిపించిందని కూడా తెలీలేదు. అంత మొద్దుబారిపోయాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పాలో తెలీక. నేను ఏడిస్తే నువ్వు పడిపోతావనుకున్నా. నువ్వేమో, అమ్మ రాయి అయిపోయింది అనుకున్నావు."

జూడీ కప్పుని చేత్తో తిప్పింది. "నేను వెళ్తే నువ్వేం చేస్తావ్? నిలబడే తింటావ్. గిన్నెలోంచే. నేనుంటేనే ప్లేటు తీస్తావ్. నేను చూస్తున్నా కదా."

ఆ సంగతి పిల్ల గమనించిందని దేవకుమారికి తెలీదు. ఆమె కవరు అంచు తనే చింపి, లోపలి కాగితం తీసి, నలగకుండా బల్ల మీద పరిచింది. పక్కన ఫొటో, పేరు, పుట్టిన తేదీ. "ఇంకేం కావాలి దీనికి?"

"ఫామ్ నింపాలి. యూనివర్సిటీ వాళ్లది ఇంకోటి, వివరాలు సరిచూసి పంపమన్నారు."

"తియ్యి."

జూడీ కదల్లేదు. "అది నేను చెయ్యలేను మమ్మీ."

"ఎందుకు?"

జూడీ ల్యాప్‌టాప్ తెరిచి, ఆ పేజీ తీసి, ఆమెవైపు తిప్పింది. రెండేళ్ల కింద నింపిన వివరాలు. పంతొమ్మిదేళ్ల జూడీ ఫొటో, చిరునామా. కింద, అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి అన్న చోట: సాముయేలు, తండ్రి. ఆయన ఫోను నంబరు.

"ప్రతి సెమిస్టర్‌కీ పంపుతారు ఇది. రెండుసార్లు పంపారు డాడీ పోయాక. రెండుసార్లూ మార్పులేమీ లేవు అని టిక్ పెట్టా," అంది జూడీ. "నువ్వొక్కదానివే కాదు, నేనూ అబద్ధమాడా. అక్కడ, ఆ ఒక్క కంప్యూటర్లో, డాడీకింకా ఏం కాలేదు. నాకేమైనా అయితే వాళ్లు డాడీకే ఫోన్ చేస్తారు."

దేవకుమారి ఆ పేరువైపు చూసింది. హోమ్‌లో ఎవరైనా పోతే వాళ్ల పేరు రికార్డులోంచి తీసేది ఆమే. చాలా పేర్లు తీసింది. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు. ల్యాప్‌టాప్ దగ్గరకి లాక్కుని, చూపుడు వేలితో చెరిపే మీట నొక్కింది. చివరి అక్షరం పోయింది. దాని ముందుది పోయింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పోయి, మూడు మిగిలేసరికి 'సామ్' అయింది. ఆఫీసులో అందరూ ఆయన్ని పిలిచే పేరు. ఇంకో రెండు పోయాయి. ఒక్క అక్షరం మిగిలింది.

వేలు ఆగిపోయింది.

ముందు ఆమెకే తెలియలేదు, ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో. జూడీ కుర్చీ తోసుకుని లేచింది. "మమ్మీ... మమ్మీ!" దేవకుమారి బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. తిమ్మిరెక్కిన కాలు ఒక్కసారిగా నేల మీద మోపినట్టు, ఒళ్లంతా ఒకేసారి నొప్పి పుట్టింది. "నేను లోపలికి వెళ్లాల్సింది జూడీ," అంటోంది. "నేను నర్సునే కదా. గొడవ పెట్టుకునైనా వెళ్లాల్సింది. ఆయన ఒక్కడే ఉన్నాడే. పదకొండు రోజులు ఒక్కడే ఉన్నాడే..."

"మనల్ని రానివ్వలేదు మమ్మీ. మనం అడిగాం. రోజూ అడిగాం." జూడీ నేల మీద మోకాళ్లు వేసి ఆమె నడుము చుట్టేసింది. ఇద్దరూ అలా ఎంతసేపు ఏడ్చారో. బయట చర్చి గంటలు మొదలై, ఆగిపోయాయి.

చివరికి దేవకుమారి మొహం తుడుచుకుని, మిగిలిన అక్షరం చెరిపింది. దాని స్థానంలో రెండు వేళ్లతో నెమ్మదిగా తన పేరు కొట్టింది. తల్లి. తన నంబరు.

"ఇప్పుడు వాళ్లు ఎవరికి చెప్తారు?"

"నీకు."

"చెప్తే నేను వస్తాను. తలుపు మూసినా, సరిహద్దు మూసినా, ఆ గుమ్మంలో కూర్చుంటాను. ఆ మాట నమ్మి నువ్వు వెళ్లు. వెళ్లాలని లేకపోయినా వెళ్లు. అక్కడికెళ్లాక అనిపించడం మొదలవుద్దేమో చూడు. అవకపోతే తిరిగొచ్చెయ్. ఎవరూ ఏమనరు."

జూడీ చాలాసేపు ఆ తెర చూసింది. తర్వాత పంపే మీట తనే నొక్కింది.

మంగళవారం కాన్సులేట్‌లో టెర్మిన్ దొరికింది. దేవకుమారి షిఫ్ట్ మార్చుకుని కూడా వెళ్లింది. వారానికి వీసా వచ్చింది. ఏప్రిల్ రెండున ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి విమానం. మెట్ల మీద పెట్టెకి ఒకవైపు జూడీ, ఇంకోవైపు దేవకుమారి పట్టుకుని దింపారు. రైల్లో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పాలకొల్లు నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తే చెరో మాట మాట్లాడారు.

విమానాశ్రయంలో సెక్యూరిటీ గీత దగ్గర జూడీ ఆగింది. అందరికీ మాస్కులు. ఎవరి కళ్లలో ఏముందో ఎవరికీ పట్టనట్టుంది.

"ప్రార్థన చెయ్ మమ్మీ."

ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా నడి దారిలోనైనా ఆపి ప్రార్థన చేసేది సాముయేలే. ఆయన పోయాక ఆ ఇంట్లో ఎవరూ పైకి ప్రార్థన చేయలేదు. దేవకుమారి కూతురి తల మీద చెయ్యి పెట్టింది. పెట్టెలు దొర్లించుకుంటూ జనం పక్కనుంచి పోతున్నారు.

"ప్రభువా," అంది. ఆగింది. "ఇది మా ఆయన చెయ్యాల్సిన ప్రార్థన. నాకు మాటలు రావు. పిల్ల వెళ్తోంది. దానితో నువ్వూ వెళ్లు. నేను ఇంటికెళ్లి ప్లేటు పెట్టుకుని, కూర్చుని అన్నం తింటాను. ఆమెన్."

"ఆమెన్," అంది జూడీ. మాస్కు తడిసిపోయింది. "డాడీ అయితే ఇంకో పది నిమిషాలు చేసేవాడు."

"ఫ్లైట్ పోయేది," అంది దేవకుమారి.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడుపుతో కలిసి వచ్చింది, అయినా నవ్వే. జూడీ గీత దాటి లోపలికి నడిచింది. దేవకుమారి గాజు అద్దం దాకా వెంట నడిచి, పిల్ల కనిపించినంతసేపూ అక్కడే నిలబడి, చెయ్యి ఊపుతూ ఏడ్చింది.